కిలో లెక్కన మారియో

పాత వీడియో గేమ్ క్యాసెట్లు పోగేసే షౌఖ్ నాకుందని తెలిస్తే మా ఖాందాన్‌లో ఒక్కొక్కరు ఒక్కో తీరుగా మాట్లాడతారు. పెద్దవాళ్లు "బాల్‌బచ్చేవాలా అయినవు, ఇంకా ఈ ఖేల్‌కూద్ ఏంది బేటా" అంటారు. నా ఈడు వాళ్లు కళ్లు పెద్దవి చేసి "కాంట్రా ఉందా?" అని అడుగుతారు. ఇప్పటి పిల్లలేమో క్యాసెట్‌ని అటూ ఇటూ తిప్పి చూసి, దీనికి ఛార్జర్ ఎక్కడ పెట్టాలని వెతుకుతారు. వీటిని ఎవరి దగ్గర కొంటున్నావు, ఏ ధరకు కొంటున్నావు అని మాత్రం ఎవరూ అడగరు. మేడ్చల్‌లో ఉంటూ ఈ పని చేసే నాకు అన్నిటికన్నా బరువైన సవాల్ అదే.

తెలియని వాళ్ల కోసం ముందు కొంచెం పాత సంగతి. దీని అసలు పేరు కార్ట్రిడ్జ్. మనం మాత్రం క్యాసెట్ అనే అన్నాం, ఇప్పటికీ అదే అంటాం. ప్లాస్టిక్ డబ్బీలో ఒక చిన్న సర్క్యూట్ బోర్డు, దాని మీద ఆటను నింపిన చిప్పులు. ఇలా ఆటను మిషన్ నుంచి వేరుచేసి, మార్చుకునే చిప్పుల డబ్బీలో పెట్టి అమ్మడం 1976లో అమెరికాలో ఫెయిర్‌చైల్డ్ కంపెనీ తెచ్చిన ఛానల్ ఎఫ్‌తో మొదలైంది. ఆ పనిని ముందుండి నడిపిన ఇంజనీర్ జెర్రీ లాసన్ అనే నల్లజాతి మనిషి. తర్వాత 1983 జూలై 15న జపాన్‌లో నింటెండో వాళ్ల ఫ్యామికామ్ వచ్చింది. మన ఇళ్లలోకి వచ్చినవి ఎక్కువ శాతం దాని నకళ్లే.

అసలు కొనే తాఖత్ ఎవరికుంది? 1995లో షా వాలెస్ కంపెనీ సెగా మెగా డ్రైవ్‌ని మన దేశంలో అమ్మడం మొదలుపెట్టినప్పుడు దాని ధర 18,000 రూపాయలు. ఆ రోజుల్లో చాలా ఇళ్లలో అది కొన్ని నెలల జీతం. కాబట్టి లిటిల్ మాస్టర్ లాంటి పేర్లతో ఇక్కడ దొరికినవో, గల్ఫ్ నుంచి ఎవరైనా తెచ్చినవో, వాటితోనే మన బచ్‌పన్ గడిచింది. మా అబ్బా దమ్మామ్‌లో ఏసీ మెకానిక్. ఛుట్టీ మీద వచ్చినప్పుడు సూట్‌కేస్‌లో టాంగ్ డబ్బాకీ అత్తరు సీసాలకీ మధ్యలో, తువ్వాలులో చుట్టి, ఒక టీవీ గేమ్ తెచ్చారు. దానితోపాటు పసుపు రంగు క్యాసెట్ ఒకటి. లేబుల్ మీద 99,99,999 ఆటలని రాసి ఉండేది. లోపల ఉన్నవి కొన్నే. అవే ఆటలు, ఒకసారి మొదటి లెవల్ నుంచి, ఇంకోసారి మూడో లెవల్ నుంచి, లిస్టులో తిరిగి తిరిగి వస్తాయి. అయినా ఆ లిస్టు చివరిదాకా వెళ్లి చూడాలని మా బస్తీ పిల్లలందరం బటన్ నొక్కుతూ కూర్చునేవాళ్లం.

ఇప్పుడు ఆ క్యాసెట్లన్నీ ఎక్కడున్నాయంటే, అటకల మీద, దీవాన్ల కింద, లేదంటే కబాడి దుకాణాల్లో. పాత సామాన్ వెతికేవాళ్లకు హైదరాబాద్‌లో ఆదివారం ఎర్రగడ్డ, గురువారం జుమేరాత్ బజార్ ఉన్నాయి. నేనూ చాలా ఏళ్లు సుచిత్ర, బాలానగర్ మీదుగా పొద్దున్నే ఎర్రగడ్డ వెళ్లి, రోడ్డు పక్కన పరిచిన గోనెసంచుల మీద రిమోట్లు, ఛార్జర్లు, విరిగిన కీబోర్డుల కుప్పల్లో చెయ్యి పెట్టి వెతికినవాణ్నే. తర్వాత ఒక సంగతి తెలిసొచ్చింది. అక్కడికి వచ్చే సామాన్‌లో కొంత మా వైపు నుంచే పోతోంది. నాగపూర్ హైవే మీద మేడ్చల్, కరీంనగర్ వెళ్లే రాజీవ్ రహదారి మీద శామీర్‌పేట్, రెండింటినీ కలుపుతూ ఔటర్ రింగ్ రోడ్డు. బస్తీల్లో ఇరుకిళ్లు అమ్ముకుని ఇటు ఫ్లాట్లకు వచ్చేవాళ్లు, పిల్లలు అమెరికాలో స్థిరపడ్డాక పెద్ద ఇళ్లను సర్దుకునేవాళ్లు, ఫామ్‌హౌస్ అమ్మేసేవాళ్లు. సామాన్ సర్దిన ప్రతిసారీ కబాడి ఆటో వస్తుంది.

మా ఇంటికి దగ్గర్లో అలాంటి కబాడి దుకాణం ఒకటుంది. నడిపే అన్న నాకన్నా పదేళ్లు పెద్ద. ఇనుముకు ఒక రేటు, అట్టలకు ఒక రేటు, ప్లాస్టిక్‌కు ఒక రేటు. క్యాసెట్ ఆయన తరాజులో ప్లాస్టిక్ కిందికే వస్తుంది, కిలో పదిహేను రూపాయలు. బోర్డు ఊడదీస్తే అది వేరే లెక్క. బోర్డు అంచున ఉండే పిన్నుల మీద సన్నటి బంగారు పూత ఉంటుంది. దాని కోసం బోర్డుల్ని తేజాబ్‌లో వేసి కరిగించేవాళ్లు ఉన్నారు. ఆ పొగ పీల్చేవాళ్ల ఊపిరితిత్తుల సంగతి ఎవరూ తూకం వేయరు.

ఇంకోవైపు దునియా ఎలా ఉందో చూడండి. 2021 జూలైలో అమెరికాలో హెరిటేజ్ అనే వేలం సంస్థ సీలు విప్పని సూపర్ మారియో 64 క్యాసెట్ ఒకదాన్ని 15 లక్షల 60 వేల డాలర్లకు అమ్మింది. అదే అమెరికాలో, 1983లో అటారీ కంపెనీ అమ్ముడుపోని క్యాసెట్లను న్యూ మెక్సికోలోని అలమొగోర్డో ఊరి చెత్తకుప్పలో పాతిపెట్టింది. 2014లో తవ్వితే అవి బయటపడ్డాయి. ఒకప్పుడు చెత్త, ఇంకొకప్పుడు ఖజానా. మధ్యలో మారింది కొనేవాడి కళ్లే. మా కబాడి అన్న కళ్లకు అది ప్లాస్టిక్. నా కళ్లకు కాదు. సవాల్ అక్కడే పుడుతుంది. ఆయనకు తెలియనిది నాకు తెలిసినప్పుడు, ఆ తెలివికి పైసలు నేనొక్కణ్నే తినొచ్చా?

చిన్నప్పుడు ఒక జుమ్మా బయాన్‌లో విన్నమాట నాకు బాగా గుర్తుండిపోయింది. హుజూర్ (స) కాలంలో బజారుకు సరుకు తెచ్చే కాఫిలాలకు కొందరు ఊరి బయటే ఎదురెళ్లి, అమ్మేవాళ్లకు బజారు ధర తెలియకముందే కొనేసేవాళ్లు. అలా చేయొద్దని ఆయన మనా చేశారు. సహీ ముస్లింలోని రివాయత్ ప్రకారం, అలా అమ్మినతను బజారుకు చేరి ధర తెలుసుకున్నాక, బేరం ఉంచుకోవాలా రద్దు చేసుకోవాలా అనేది అతని ఇష్టం. నేను ఆలిమ్‌ని కాను, ఇది ఫత్వా కాదు. కానీ మేడ్చల్ అంటేనే ఊరి బయట. ఎర్రగడ్డకు పోయే ఆటోకి నేను దారిలోనే ఎదురుపడుతున్నాను. మన కోసమే చెప్పినట్టు లేదూ?

అందుకే ఆ దుకాణంలో మొదటి క్యాసెట్ కొన్నరోజే ఒక ఉసూల్ పెట్టుకున్నాను. తీసుకునేముందు అది ఏంటో, బజారులో ఏం పలుకుతుందో చెప్పాలి. అప్పుడు బేరం. అన్న మొదట్లో నన్ను వింతగా చూశాడు.

"భాయ్, ధర పెంచి కొంటానంటున్నవ్. గిట్లయితే నీకేం మిగుల్తది?"

"నేను మళ్లీ అమ్మను అన్నా, ఆడుకుంటా."

"మరి నాకెందుకు చెప్పుడు? ఊకె పట్కపోవచ్చు గదా."

దీనికి నష్టం లేకపోలేదు. ఒకసారి అట్టపెట్టెతో సహా మెగా డ్రైవ్ క్యాసెట్ దొరికింది. నా దగ్గర అప్పుడున్నవి ఆరు వందలు. అది రెండు వేలకు తక్కువ పోదని చెప్పాను. అన్న సంచిలో వేసుకుని ఎర్రగడ్డకు పంపాడు, ఎవరో కొనుక్కున్నారు. ఆ రాత్రి ఇంట్లో భోజనానికి కూర్చుంటే బేగం నా ముఖం చూసి, "అజీ, చెప్పకుంటే మీదే అయ్యేది కదా" అంది. కాసేపాగి తనే, "అయినా అట్లా వచ్చినదాన్ని పిల్లల చేతికి ఎట్లా ఇస్తారులే" అని దాల్చా గిన్నె నా వైపు జరిపింది.

ఆన్‌లైన్‌లో లెక్క తలకిందులు. అక్కడ తెలిసినవాడు అమ్మేవాడు, తెలియనివాడు కొనేవాడు. కొత్తగా అచ్చేసిన లేబుల్ అంటించి పాతదని అమ్ముతారు. అందుకే నేను బయటి ఫొటో చూసి పైసలు పంపను. డబ్బీ విప్పి బోర్డు ఫొటో పెట్టమంటాను. నింటెండో అసలు క్యాసెట్ అయితే మామూలు స్క్రూడ్రైవర్‌తో ఊడని మరలు ఎక్కువగా ఉంటాయి, 3.8 మిల్లీమీటర్ల ప్రత్యేకమైన బిట్ కావాలి. లోపల కాళ్లున్న నల్ల చిప్పులు వరసగా కనిపిస్తాయి. మన పాత నకలు క్యాసెట్లలో చిప్పు బదులు తారు చుక్కలాంటి నల్లటి బొట్టు ఉంటుంది. నకలు అయినంత మాత్రాన నేను వద్దనను, నా బచ్‌పన్ ఆ నల్ల బొట్టులోనే ఉంది. నకలుని నకలు అని చెప్పి అమ్మితే చాలు. వేలం గ్రూపుల్లో ఇంకో బీమారీ, కొనే నీయత్ లేకుండా దోస్తుల చేత ధర పెంచించడం. దాన్ని నజష్ అంటారు, దాన్నీ మన దీన్ ఎప్పుడో మనా చేసింది.

కిందటి చలికాలం అన్న ఫోన్ చేశాడు. శామీర్‌పేట్ చెరువు అవతల ఒక ఇల్లు ఖాళీ చేశారట, అమెరికాలో ఉండి వచ్చిన కుటుంబం. వెళ్తే ఒక పాత డబ్బా టీవీ, దాని మీద సంచి. సంచిలో బంగారు రంగు క్యాసెట్ మెరుస్తోంది.

"భాయ్, దీన్ని తులం లెక్కన అమ్మాల్నా?" అని నవ్వాడు అన్న.

అది 1987లో అమెరికాలో వచ్చిన ద లెజెండ్ ఆఫ్ జెల్డా. దొరకనిదేం కాదు, చాలా అమ్ముడుపోయింది. ఆ రోజు ఫోన్‌లో నేను చూసిన ధరలు మూడు వేల చుట్టూ ఉన్నాయి. అన్నకు ఫోన్ చూపించాను. పాడైందో లేదో తెలియదు, కడిగి చూసుకోవాలి అని పద్దెనిమిది వందలకు తెంపుకున్నాం. టీవీ కూడా తీసుకున్నాను. బాతుల్ని కాల్చే ఆటలో గన్ను కొత్త టీవీ మీద పనిచేయదు. ట్రిగ్గర్ నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లబడి, బాతు ఉన్నచోట మాత్రం తెల్లటి డబ్బా మెరుస్తుంది, గన్ను ఆ వెలుగుని పట్టుకుంటుంది. ఆ లెక్కంతా పాత టీవీ వేగానికి కుదిర్చి రాసింది.

ఇంటికొచ్చి పిన్నుల్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన కాటన్ బడ్‌తో తుడిచాను. మనం ఊదేవాళ్లం గుర్తుందా? ఊదొద్దు, నోటి తడికి పిన్నులు పాడవుతాయి. అమెరికా క్యాసెట్‌కి 72 పిన్నులు, మన మిషన్లకు 60, అందుకని మధ్యలో ఒక అడాప్టర్. తెర వెలిగింది. ఆట మొదలవకముందే మూడు పేర్లు వచ్చాయి. రెండు అబ్బాయిలవి, ఒకటి అమ్మాయిది. ప్రతి పేరు పక్కన ఎన్ని ప్రాణాలున్నాయో, ఎన్నిసార్లు చచ్చిపోయారో. అమ్మాయి పేరు పక్కన అన్నిటికన్నా ఎక్కువ ప్రాణాలు. మా చిన్నవాడు గుసగుసగా, "అబ్బా, వీళ్లింట్లోకి పూఛ్‌కుండా వచ్చినట్టుంది" అన్నాడు.

ఆ పేర్లను ఇన్నేళ్లు కాపాడింది లోపల టంకం వేసిన గుండ్రటి బ్యాటరీ, చేతి గడియారంలో వేసే రకం. దాని ఉమ్ర్ అయిపోవస్తోంది. కొత్తది వేయాలంటే పాతది తీయాలి, తీస్తే పేర్లు పోతాయి. ఆట నేను కొన్నాను, సరే. ఆ పేర్లు ఎవరు అమ్మారు? అమ్మినవాళ్లకు అవి లోపల ఉన్నట్టే తెలియదు. అందుకని క్యాసెట్ రీడర్‌తో ముందు వాటిని కంప్యూటర్‌లోకి దించి, బ్యాటరీ మార్చి, మళ్లీ అందులోకే ఎక్కించాను. తెర ఫొటో తీసి, ఆ ఇంటి వాచ్‌మన్ ద్వారా పంపమని అన్నకు ఇచ్చాను. అటు నుంచి జవాబు రాలేదు. వస్తే క్యాసెట్ ఇచ్చేస్తాను, అమానత్ అనుకునే దాచాను. మా పిల్లలకు ఆడుకోవడానికి వేరే ఆటలు ఉన్నాయి.

మీకు ఒక గుజారిష్. అటక దులిపేటప్పుడు పాత క్యాసెట్ దొరికితే తరాజులో వేసేముందు ఒక్కసారి విప్పి చూడండి. పేరుని ఫోన్‌లో వెతకండి, మీ పిల్లల్ని కూర్చోబెట్టుకుని ఆడి చూడండి. అమ్మాలనిపిస్తే తప్పకుండా అమ్మండి, దాని ధర తెలుసుకుని అమ్మండి.

మా అన్న ఇప్పుడు అదే చేస్తున్నాడు. మొన్న పసుపు రంగు క్యాసెట్ ఒకటి పక్కన పెట్టి, కొడుకు ఫోన్‌లో ఏదో చూపించి, "రెండు వేలకు రూపాయి తక్కువ గాదు భాయ్, దీంట్ల తొంభై తొమ్మిది లక్షల ఆటలున్నయ్" అన్నాడు. లోపల ఉన్నవి ఎన్నో, ఎందుకో చెప్పాను. నమ్మలేదు. చాయ్ తెప్పించి గంటసేపు బేరమాడాం. చివరికి నూట యాభైకి ఒప్పుకున్నాడు, చాయ్ పైసలు మాత్రం నాతోనే కట్టించాడు.