తిరగేసి చూస్తే తెలిసే నగలు

తోరణగల్లు దాటి సండూరు దారి పట్టినాక రోడ్డుకు రెండు పక్కలా రంగు మారిపోతుంది. చెట్టు ఆకు మీద, గుడి గోడ మీద, ఎదురొచ్చే లారీ అద్దం మీద అంతా ఎర్ర దుమ్మే. ఇనుప రాయి మోసే లారీలు వరస కట్టి పోతుంటాయి. బళ్ళారిలో బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంటే, సండూరులో దిగేటప్పటికి తెల్ల జాకెట్టు కావిరంగు తేలుతుంది. ఆ దుమ్ములో కూడా లంబాణి అవ్వ ఒకామె రోడ్డు వారగా నడిచిపోతుంటే కన్ను అక్కడే ఆగిపోతుంది. రవిక మీది అద్దాలు ఎండకు తళుక్కుమంటాయి. చెంపల పక్కన జుట్టుకు కట్టిన ఘుగ్రీ, టోప్లీ అడుగు అడుగుకూ ఊగుతుంటాయి. చేతుల నిండా తెల్ల గాజులు.

ఇప్పుడు అట్ల పూర్తిగా కట్టుకునేది అవ్వలే. వాళ్ళ మనవరాళ్ళు మన పిల్లల మాదిరే చుడీదార్లు వేసుకుని కాలేజీకి పోతున్నారు. మంచిదే కదా, అంత బరువు మోసుకుని ఎవరు పోతారు?

మన సరిహద్దు సంగతి కూడా ఒక మాట చెప్పాల. 1953లో ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు పోయినాయి. బళ్ళారి, సండూరు మైసూరులో ఉండిపోయినాయి. ఇవతల తండాలో లంబాణి అనేవాళ్ళను అవతల సుగాలి అంటారు. ఇక్కడ వాళ్ళు ఎస్సీ, అక్కడ ఎస్టీ. అక్క ఇక్కడ, చెల్లెలు అక్కడ అయితే ఇద్దరికీ సర్టిఫికెట్టు వేరే. నగ మాత్రం రెండు పక్కలా ఒకటే.

మేము సండూరుకు పోయింది పెళ్ళి పని మీద. మా తమ్ముడి కూతురికి సంబంధం కుదిరింది. బంగారం ధర సంగతి మీకు చెప్పేదేముంది. తాళిబొట్టుకూ, ఒక జత కమ్మలకూ తమ్ముడి చిట్టీ డబ్బు సరిపోయింది. మిగతాదానికి గిల్టు నగలే అనుకున్నాం. మన బజారులో దొరికే కవరింగు నగల్లో మంచివి బందరు నుంచి వస్తాయి. చిలకలపూడి నగ అంటే మా అమ్మ కాలం నుంచీ పేరుంది. కాసుల పేరు వేసుకుంటే నాలుగడుగుల దూరం నుంచి బంగారమా కాదా అని కంసాలి కూడా తడబడాల్సిందే. కానీ మా పిల్లకు ఒక తంటా ఉంది. ఏ గిల్టు గొలుసు వేసినా రెండు గంటల్లో మెడ చుట్టూ ఎర్రగా దద్దుర్లు లేస్తాయి. డాక్టరమ్మను అడిగితే అది నికెల్ వల్ల అనింది. పైపూత అరిగినచోట లోపలి లోహం చెమటకు తగిలి కొందరి ఒంటికి పడదంట. జర్మన్ సిల్వర్ అంటారే, దాంట్లో పేరులో తప్ప వెండి రవ్వంత కూడా ఉండదు. రాగి, జింకు, నికెల్ కలిపి చేస్తారు. అది కూడా ఆ పిల్లకు పనికిరాదు.

మా మరదలు జీన్సు ప్యాంట్లు కుట్టే యూనిట్లో పీసు లెక్కన పని చేస్తుంది. దాని పక్క మిషను మీద కూర్చునే లంబాణి అమ్మాయి ఈ మాట విని, "అయితే మెటల్ ఎందుకక్కా, గుడ్డ మీద కుట్టింది వేసుకోమను. మా యాడి కుడుతుంది, రాండి" అనింది. యాడి అంటే వాళ్ళ మాటలో అమ్మ. అట్ల ఒక ఆదివారం మరదలూ నేనూ బయలుదేరినాం.

సండూరు చుట్టూ కొండలే. 1949 దాకా ఘోర్పడేల సంస్థానం అది. ఊళ్ళో సండూరు కుశల కళా కేంద్రం ఉంది. చుట్టుపక్కల తండాల ఆడవాళ్ళు కుట్టిన పని అక్కడి నుంచే బయటి దేశాలకు కూడా పోతుంది. సండూరు లంబాణి కుట్టుపనికి జి.ఐ. గుర్తింపు ఉంది. 2023 జులైలో హంపీలో జి-20 సాంస్కృతిక సమావేశం జరిగినప్పుడు 450 మందికి పైగా లంబాణి ఆడవాళ్ళు చేసిన 1,755 వస్తువులు ఒకచోట పెడితే గిన్నిస్ రికార్డు వచ్చింది. టీవీలో చూసే ఉంటారు.

తండాలో ఆ అమ్మాయి వాళ్ళ యాడి వసారాలో చాప పరిచి గుడ్డమూట విప్పింది. మెడకు వేసుకునేవి, చేతికి కట్టుకునేవి, జడకు కుచ్చులు, నడుముకు పట్టీలు. గట్టి నూలుగుడ్డ మీద ఎర్రవీ పచ్చవీ దారాలతో కుట్టి, అద్దాలు బిగించి, అంచుకు గవ్వలు, పూసలు, ఉన్ని కుచ్చులు వేలాడదీసినవి. మా మరదలు రంగులు చూస్తా ఉంటే ఆమె దాని చేతిలోంచి పట్టీ తీసుకుని తిరగేసి ఇచ్చింది. "ముందర కాదమ్మా, ఎనక చూడు" అనింది.

నిజమే. చేతిపని సంగతి వెనక పక్క చెప్పేస్తుంది. మిషను కుట్టు వెనక కూడా ఒకటే కొలత, ఒకటే బిగువు. చేతి కుట్టు ఒకచోట రవ్వంత పొడుగు, ఇంకోచోట పొట్టి. దారం మారినచోట చిన్న ముడి కనిపిస్తుంది. ఆ ముడి గట్టిగా ఉందా, కొసను లోపలికి తోసినారా అన్నది చూసుకోవాల. కొస వేలాడుతుంటే నాలుగు నాళ్ళలో ఊడుతుంది. కీలన్, వేలే, మాకీ అని ఒక్కో కుట్టుకు ఒక్కో పేరు చెప్పింది ఆమె. నాకు మూడే గుర్తున్నాయి. అద్దం చుట్టూ దారం గడియ మాదిరి పట్టుకుని ఉండాల. బంకతో అంటించిన అద్దం అయితే గోరుతో అంచు తడిమితే తెలిసిపోతుంది. ప్లాస్టిక్ అద్దం తేలిక, కొన్నాళ్ళకు గీతలు పడి మసకేస్తుంది. గాజు అద్దం చల్లగా తగులుతుంది, రవ్వంత బరువు. గవ్వ కూడా అంతే. నిజం గవ్వ చల్లగా ఉంటుంది, ఏ రెండింటి పళ్ళూ ఒకటిగా ఉండవు. ప్లాస్టిక్ గవ్వకు పక్కన అచ్చు కలిసిన గీత ఉంటుంది. బజారులో స్కూలు డాన్సులకు అద్దెకిచ్చే లంబాడీ డ్రెస్సుల మీద ఉండేవి అన్నీ అవే.

ఆమె చేతులకున్న తెల్ల గాజుల గురించి అడిగినాను. వెనకటికి ఏనుగు దంతంతోనూ, ఎముకతోనూ చేసేవాళ్ళంట. ఇప్పుడు ప్లాస్టిక్. ఇది దంతం అని ఎవరైనా చెప్పి అమ్మజూపితే కొనొద్దు. దంతం అమ్మడం, కొనడం చట్టప్రకారం నేరం.

మా పిల్లకు ఎంచింది నాలుగు వేళ్ళ వెడల్పు మెడపట్టీ. వెనక రెండు వరసల నూలుగుడ్డ, కొసలకు కొక్కెం లేదు, నాడాలే. అంటే లోహం ఒంటికి తగిలేది ఎక్కడా లేదు. దానికి ఆమె 450 రూపాయలు చెప్పింది. నేను అలవాటు కొద్దీ, "200 చేసుకో" అనబోయేలోపే మా మరదలు ఆమెను అడిగింది: "ఎన్ని దినాలు పట్టిండాది?"

"వంట, పిల్లోళ్ళు చూసుకుంటా కుడితే నాలుగు దినాలు. దినానికి నాలుగు గంటలు."

గుడ్డ, దారం, అద్దాలు, గవ్వలు కలిపి 90 రూపాయలు అయినాయంట. మా మరదలు వేళ్ళ మీద లెక్కేసింది. పీసు రేటు మీద బతికేదానికి ఈ లెక్క ఎవరూ నేర్పక్కర్లేదు. 450లో 90 పోతే 360. పదహారు గంటలు. "గంటకు ఇరవై రెండున్నర పడింది వదినా. మా యూనిట్లో దీనికంటే నయం. దీంట్లో ఇంకేం తగ్గించమంటావు?" అనింది. నేను మాట్లాడలేదు. డబ్బులు ఎంచి ఇచ్చినాం. వచ్చేటప్పుడు ఆమె రెండు చిన్న గవ్వలూ, బారెడు ఎర్ర దారమూ కాగితంలో చుట్టి ఇచ్చింది.

పని తొందరగానే అయిపోయింది కాబట్టి హొసపేట మీదుగా హంపీ చూసుకుని పోదామనుకున్నాం. 2021 నుంచి హొసపేట వేరే జిల్లా అయింది గానీ మన నోటికి ఇంకా బళ్ళారి జిల్లానే. హంపీలో విరూపాక్షుడి దర్శనం అయినాక బయట లంబాణి ఆడవాళ్ళు చేతుల మీద గొలుసులు వేలాడదీసుకుని చుట్టుముట్టినారు. వాళ్ళు అమ్మేవాటిలో అన్నీ తండాలో కుట్టినవి కావు. అచ్చు పోసిన పట్టీలు, మిషను మీద కుట్టిన సంచులు కూడా కలిసే ఉంటాయి. అది మోసం అని నేననను. వచ్చేవాళ్ళు యాభై రూపాయల వస్తువే అడుగుతారు మరి. తిరగేసి చూడటం తెలిసినవాళ్ళకు వాటిలోనే మంచివీ దొరుకుతాయి.

గుడి వెనక నీడలో ఒక అవ్వ మాత్రం రూపాయి నాణేల హారం ఒకటి పట్టుకుని కూర్చుంది. ఆరు పాత రూపాయలు, ఒక్కోదానికి కొక్కెం అతికించి నల్లదారానికి కుచ్చినది. "మూడు వేలు ఇయ్యి తల్లీ, మా అత్తది" అనింది. మా మామ పాత రూపాయలు దాచేవాడు కాబట్టి నాకు కాస్త తెలుసు. నాణేలు ఒక్కోటీ తిప్పి సంవత్సరం చూసినాను.

ఇది మీలో చానామంది ఇళ్ళలో పనికొచ్చే సంగతి, కొంచెం వివరంగా చెప్తాను. బ్రిటిష్ కాలం రూపాయి బరువు 11.66 గ్రాములు. వెనకటి తులం అనేది ఆ బరువునే. 1939 దాకా వచ్చిన రూపాయిల్లో 12 పాళ్ళకు 11 పాళ్ళు వెండి. యుద్ధం రోజుల్లో, 1940 నుంచి, సగానికి సగం చేసినారు. 1947 రూపాయి వెనక పులి బొమ్మ ఉంటుంది, దాంట్లో వెండే లేదు, అంతా నికెల్. దానికి అయస్కాంతం అతుక్కుంటుంది, వెండిదానికి అతుక్కోదు. అయితే అతుక్కోనిదంతా వెండి అనుకోవద్దు. జర్మన్ సిల్వర్‌కు కూడా అయస్కాంతం పట్టదు.

అవ్వ హారంలో నాలుగు నాణేలు 1939కి ముందువి, రెండు యుద్ధకాలంవి. లెక్క వేస్తే 54 గ్రాముల వెండి. అరుగుదల తీసేసినా 50కి తక్కువ కాదు. ఆమె చెప్పిన మూడు వేలకు ఆ వెండి కూడా రాదు, పనితనం మాట అటుంచు. పక్కన ఒక టూరిస్టు రెండు వేలకు బేరమాడుతున్నాడు. మా మరదలు నా చెయ్యి గిల్లింది. మాకు మూడు వేలు ఎట్లాగూ లేవు. ఉన్నా ఆ ధరకు కొనేదాన్ని కాదనుకుంటా. "అవ్వా, దీన్ని ఇక్కడ అమ్మొద్దు. హొసపేటలో వెండి అంగట్లో ముందు తూకం వేయించు. ఒక అంగట్లో కాదు, రెండింట్లో అడుగు" అని తెలుగు, కన్నడం కలిపి చెప్పినాను. ఆమె నన్ను కాసేపు ఎగాదిగా చూసి, హారాన్ని మూటలో పెట్టి కొంగు ముడేసుకుంది. టూరిస్టుకు కోపం వచ్చినట్టుంది.

అత్త హారం అమ్ముకుంటుందే అని ఆమెను తప్పు పట్టేవాళ్ళు ఉంటారు. సంఘం కంతు కట్టాల్సిన వారం మన కమ్మలు ఎక్కడ ఉంటాయో మనకు తెలుసు కదా.

ఇక ఇంటికి తెచ్చినాక వీటిని చూసుకునే పద్ధతి. గుడ్డ మీద కుట్టిన నగను సబ్బు నీళ్ళలో నానబెట్టొద్దు. ఎర్ర దారం రంగు దిగుతుందేమో ముందు తడి తెల్లగుడ్డతో వెనకపక్క అద్ది చూడండి. దుమ్ముకు మెత్తటి బ్రష్షు చాలు. చెమటకు తడిస్తే నీడలో ఆరబెట్టి పెట్టె మూయండి. ఎండలో పెడితే రంగు వెలుస్తుంది. ఉన్ని కుచ్చులకు పురుగు పడుతుంది కాబట్టి ఎండిన వేపాకు వెయ్యండి. గవ్వలకు చింతపండు, నిమ్మకాయ తగలనీయకండి. పులుపు గవ్వను తినేస్తుంది, మెరుపు పోతే మళ్ళీ రాదు. కావాలని నల్లపూత వేసిన లోహపు నగను కూడా చింతపండుతో తోమొద్దు. మా పక్కింటామె కొత్త జుంకీలు తళతళలాడాలని తోమితే ఆ నల్లదనమంతా పోయి అల్యూమినియం చెంచా మాదిరి అయినాయి. అసలు వెండికి విభూతి, మెత్తటి గుడ్డ చాలు. గిల్టు నగకు సెంటూ, పసుపూ పడవు. అన్నీ అలంకరించుకున్నాక చివర వేసుకోవాల, వచ్చినాక ముందు తీసి పొడిగుడ్డతో తుడవాల. ఒకదానికొకటి ఒరుసుకోకుండా దూది మధ్యన పెట్టండి. మన ఇళ్ళలో దూదికి కరువా!

మిల్లుకు మాత్రం ఇవేవీ వద్దు. జిన్ను దగ్గర, బెల్టు దగ్గర వేలాడే కుచ్చు గానీ, వదులు గాజు గానీ, గొలుసు గానీ ఒక్క క్షణం పట్టుకుందంటే లాగేది నగను కాదు, మనిషిని. డ్యూటీ ఎక్కే ముందు తీసి డబ్బాలో పెట్టుకునే అలవాటు కొత్తగా చేరే ఆడపిల్లలకు మొదటి రోజే చెప్పండి. సూపర్‌వైజరు చెప్పేదాకా కాచుకోవద్దు.

పెళ్ళిలో మా మేనకోడలు తాళి కట్టేటప్పుడు కంచిపట్టు మీద బంగారమే వేసుకుంది. సాయంత్రం రిసెప్షనుకు లంబాణి మెడపట్టీ పెట్టుకుంది. నాలుగు గంటలు ఉన్నా మెడ మీద ఒక్క దద్దు లేదు. జీన్సు యూనిట్ ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి దాన్ని పట్టుకుని తిరగేసి చూసినారు. వాళ్ళంతా కుట్టేవాళ్ళే కదా, పొగిడినా వెనకపక్కనే పొగిడినారు. ఆ లంబాణి అమ్మాయికి నెలకు మూడు నాలుగు ఆర్డర్లు వస్తున్నాయంట. వాళ్ళ యాడి ఇప్పుడు ఒక్కోదానికి 600 చెప్తోంది. మా మరదలే చెప్పమనిందని నా అనుమానం.

మొన్న అంచున ఒక గవ్వ ఊడింది. ఆమె ఇచ్చిన ఎర్ర దారం ఇంట్లోనే ఉంది గానీ ఆ కుట్టు నా చేతికి రాలేదు. గవ్వనూ పట్టీనీ కవర్లో పెట్టినాను. సోమవారం మా మరదలు యూనిట్‌కు తీసుకుపోతుంది.