ఖాళీ పౌచ్ చెప్పే మాట

మా అక్క డైనింగ్ టేబుల్ మీద ఆవకాయ జాడీ పక్కన మూడు మ్యాగజైన్ పౌచ్‌లు చేరాయి. డల్లస్ శివార్లలో ఉంటున్న అక్కావాళ్లింటికి నేను వెళ్లింది సెలవు గడపడానికి. వెళ్లిన మర్నాడే పదిహేనేళ్ల మేనల్లుడు పని అప్పగించాడు. "మావయ్యా, నువ్వు మావోయిస్టుల మీద రాస్తావు కదా. వీటిలో ఏది ఉంచుకోవాలో చెప్పు." పొలిటికల్ సైన్స్‌లో పీజీ చేసినందుకు ఇలాంటి ప్రశ్న ఎదురవుతుందని అనుకోలేదు.

వాడి పిచ్చి ఎయిర్‌సాఫ్ట్. అసలు తుపాకీని అచ్చు గుద్దినట్టుండే బొమ్మ తుపాకీతో ఆరు మిల్లీమీటర్ల ప్లాస్టిక్ గుండ్లు కాల్చుకుంటూ రెండు జట్లు ఆడే యుద్ధం ఆట అది. పౌరుల చేతికి తుపాకీ అంత తేలిగ్గా అందని జపాన్‌లో 1970, 80 దశకాల్లో రూపుదిద్దుకుంది. బొమ్మ మరీ బలం పుంజుకోకుండా ఆ దేశం 2006లో చట్టాన్ని సవరించి, గుండు శక్తికి 0.98 జౌళ్ల హద్దు పెట్టింది. అసలు తుపాకీ దొరకనిచోట పుట్టిన ఆట, అది క్రీడాసామగ్రి దుకాణంలోనే దొరికే టెక్సాస్‌లో మావాడికి అంటుకుంది.

అక్క మంజూరు చేసిన బడ్జెట్ 40 డాలర్లు. నచ్చకపోతే వాపసు చేయొచ్చన్న ధైర్యంతో వాడు రెండు పౌచ్‌లు తెప్పించాడు. ఒకటి 12 డాలర్లది, మూడు మ్యాగజైన్లు పట్టే మూతలేని రకం. రెండోది 22 డాలర్లది, వెల్‌క్రో మూతలతో. మూడోది పోల్చి చూడటానికి స్నేహితుడి దగ్గర అరువు తెచ్చింది. దాని ఖరీదు 60 డాలర్ల పైమాటే.

ఖరీదైనదాన్ని 1000 డెనియర్ నైలాన్‌తో కుట్టారు. చవకవి 600 డెనియర్ పాలియెస్టర్. లేబుల్ చూస్తే తేడా పెద్దదే. కానీ పౌచ్ మోయాల్సిన బరువెంత? సైన్యం వాడే ఎం4 రైఫిల్ మ్యాగజైన్ 30 తూటాలతో దాదాపు అరకిలో తూగుతుంది. మావాడి ప్లాస్టిక్ మ్యాగజైన్‌లో పట్టే గుండ్లు 120. ఒక్కోటి 0.2 గ్రాముల చొప్పున అన్నీ కలిపినా 24 గ్రాములే. గ్యాస్‌తో పనిచేసే బొమ్మ తుపాకులకు బరువైన లోహపు మ్యాగజైన్లుంటాయి, వాటికి లెక్క వేరు. వీడి బ్యాటరీ తుపాకీకి మాత్రం సైనిక ప్రమాణం దండగ.

చూడాల్సింది బరువు కాదు, పట్టు. మ్యాగజైన్లు పెట్టి పౌచ్‌లను తలకిందులుగా ఊపాం. వాడు వెస్ట్ తొడుక్కుని మెట్ల మీంచి దూకాడు. 12 డాలర్ల దానిలో ఎలాస్టిక్ వదులు. మూడో దూకుడికే ఒక మ్యాగజైన్ జారి అక్క పూలకుండీలో పడింది. వెల్‌క్రోది గట్టిగానే పట్టుకుంది కానీ, తెరిచినప్పుడల్లా చర్రుమని పక్కగదికి వినిపించేంత మోత. పొదలో నక్కి ఆడేవాడికి అది పనికిరాదు. పైగా గ్లవ్స్ వేసుకున్న చేతితో మూత తీసేసరికి ఎదుటివాడు నాలుగు గుండ్లు కొట్టేస్తాడు.

ఇక వెనకవైపు. వెస్ట్ మీద అంగుళం వెడల్పు పట్టీలు అంగుళం ఎడంతో అడ్డంగా కుట్టి ఉంటాయి. పౌచ్ వెనకున్న నిలువు పట్టీలను వాటిలోంచి, తన పట్టీల్లోంచి బుట్ట అల్లినట్టు మార్చి మార్చి దూర్చాలి. లాగుడంతా పడేది ఆ పట్టీల మొదట్లోనే. ఖరీదైనదానికి అక్కడ అడ్డంగా దట్టమైన కుట్టుంది. చవకదానికి ఒంటివరస కుట్టే. అక్క సూది తీసి, మందపాటి నైలాన్ దారంతో నాలుగు వరసలు బిగించింది. పైన రెండు డాలర్ల ఎలాస్టిక్ తాడు ఉచ్చులా వేసి ముడేశాం. శనివారం మైదానంలో మూడు గంటల ఆటలో పాకినా, పరిగెత్తినా ఒక్క మ్యాగజైన్ జారలేదు. నా తీర్పు తేలిపోయింది. 12 డాలర్లది చాలు.

అక్కడితో నా పని ముగిసిందనుకున్నాను.

తిరుగుదారిలో బావ గ్యాస్ స్టేషన్ దగ్గర కారాపాడు. చల్లగా ఏదైనా కొనుక్కొస్తానంటూ వాడు తలుపు తీశాడు. ఒంటిమీద వెస్ట్, ఛాతీ మీద మూడు మ్యాగజైన్లు. అనుకోకుండానే నా చెయ్యి వాడి భుజం పట్టుకుంది.

"తుపాకీ డిక్కీలో ఉంది కదా మావయ్యా. ఇవి ఉత్త పౌచ్‌లే."

ఉత్త పౌచ్‌లు నేను చాలా చూశాను. ఎన్‌కౌంటర్ తర్వాత పోలీసులు ప్రెస్‌మీట్‌లో బల్ల మీద పరిచే సామగ్రిలో ఆలివ్ గ్రీన్ గుడ్డతో కుట్టిన పౌచ్‌లుంటాయి. వాటిని చూశాక చనిపోయిన మనిషి ఎవరని విలేకరులు అడగడం తగ్గుతుంది. నేనూ అడక్కుండా రాసుకొచ్చిన రోజులున్నాయి. పౌచ్ ఖాళీగా ఉన్నా తుపాకీ ఉందనే చెబుతుంది.

కారులోనే వాడికి రెండు పేర్లు చెప్పాను. 2013 అక్టోబర్‌లో కాలిఫోర్నియాలోని శాంటా రోసాలో 13 ఏళ్ల ఆండీ లోపెజ్. 2014 నవంబర్‌లో క్లీవ్‌లాండ్‌లో 12 ఏళ్ల టామిర్ రైస్. ఇద్దరి దగ్గరా ఉన్నవి ఎయిర్‌సాఫ్ట్ తుపాకులే. ఇద్దర్నీ కాల్చింది చట్టాన్ని కాపాడేవాళ్లే. టామిర్ విషయంలో కారు ఆగిన రెండు సెకన్లలోపే కాల్పులు జరిగాయి. అది బొమ్మే కావచ్చని ఫోన్ చేసిన వ్యక్తి అన్నాడు. ఆ మాట పోలీసులకు చేరలేదు. బొమ్మ తుపాకుల కొసకు నారింజ రంగుండాలని 1988 నుంచీ ఫెడరల్ చట్టం ఉంది. ఆ ఇద్దరి బొమ్మలకూ ఆ కొస లేదు.

వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత అద్దంలోంచి దుకాణం వైపు చూపించాడు. వాడి జట్టులోని ఇద్దరు తెల్ల కుర్రాళ్లు అవే వెస్ట్‌లతో కౌంటర్ దగ్గర చిప్స్ కొంటున్నారు. ఎవరూ తలతిప్పి చూడటం లేదు.

"వాళ్లకు లేని రూల్ నాకెందుకు?"

బావ స్టీరింగ్ మీద చేతులు తీయకుండా నావైపు చూశాడు. రాజనీతిశాస్త్రంలో దీనికి చాలా జవాబులున్నాయి. కారు వెనకసీటులో కూర్చున్న పదిహేనేళ్ల పిల్లాడికి చెప్పగలిగింది ఒక్కటీ గుర్తు రాలేదు. "కూల్‌డ్రింక్ నేను తెస్తాను" అని దిగాను.

ఆ రాత్రి అక్క లెక్క కట్టింది. పౌచ్ 12, తాడు 2, మిగిలింది 26 డాలర్లు. గీతలు పడ్డ వాడి గాగుల్స్ తీసేసి, జడ్87.1 ప్రమాణం ముద్ర ఉన్నవి కొనమన్నాను. పౌచ్‌తో సర్దుకోవచ్చు, కళ్లతో కుదరదు. బావ అటక మీంచి తన పాత క్రికెట్ కిట్‌బ్యాగ్ దించాడు. తుపాకీ, వెస్ట్, పౌచ్ అన్నీ అందులోకి వెళ్లాయి. జిప్ మైదానంలోనే తియ్యాలి, మైదానంలోనే వెయ్యాలి. ఇంటి రూల్ అదీ.

వాడు ఒప్పుకున్నాడు, మొహం ముడుచుకునే. నేను తిరిగొచ్చాక ఫొటో పంపాడు. కారు డిక్కీలో కిట్‌బ్యాగ్, జిప్ వేసి ఉంది. కింద ఒకే వాక్యం: "జవాబు ఇంకా చెప్పలేదు మావయ్యా."