చెరిపినది ఎక్కడికి పోయినది?

సంఘపు రిజిస్టరును పుస్తకములో గాక కంప్యూటరులో వ్రాసికొనుచున్న సంఘములు నేడు అనేకము కలవు. మేమును ఆలాగుననే చేయుచున్నాము. కుటుంబములు, బాప్తిస్మములు, వివాహములు, కానుకలు, గృహదర్శనములు వేరువేరు పట్టికలుగా ఉండి, ఒకదానితో ఒకటి ముడిపడి యుండును. ఇటువంటి అమరికను రిలేషనల్ డేటాబేస్ అందురు. 1970లో ఐ.బి.ఎం. సంస్థలో పనిచేయుచుండిన ఎడ్గార్ కాడ్ దీనికి పునాది వేసెను. మా సంఘపు యౌవనస్థుడొకడు వ్రాసియిచ్చిన చిన్న ప్రోగ్రాము ఎస్‌క్యూలైట్ అను డేటాబేసు మీద నడచుచున్నది. రిచర్డ్ హిప్ 2000లో లోకమునకు ఇచ్చిన ఈ సాధనము నేడు మన చేతులలోని స్మార్ట్ ఫోనులలోను కలదు. దాని మూలపాఠములో హక్కుల ప్రకటన ఉండవలసిన చోట ఒక దీవెన వ్రాసియుండుట విని మేము ఆశ్చర్యపడితిమి.

ఆ ఫైలు నకలును పట్టణములోని కార్యాలయమునకు పంపవలసిన సమయము వచ్చెను. అంతకు కొన్ని వారముల ముందు ఒక తల్లి మా యొద్దకు వచ్చి, "అయ్యగారూ, మా అమ్మాయి కాపురం సంగతి మీ లెక్కల్లో ఉంటే తీసేయండి. ఇప్పుడు పిల్ల బాగానే ఉంది. నలుగురి నోళ్లలో పడకూడదు" అని బ్రతిమాలుకొనెను. గృహదర్శనముల పట్టికలోనుండి ఆ వరుసను తొలగించితిమి. తెర మీద మరి కనబడలేదు. అయితే ఫైలు పంపుటకు ముందు ఆ యౌవనస్థుడు దానిని నోట్‌ప్యాడులో తెరచి వెదకి, "అయ్యగారూ, ఇటు చూడండి" అనెను. అర్థముకాని గుర్తుల నడుమ ఆ బిడ్డ పేరును, దాని ప్రక్కన వ్రాసిన రెండు వాక్యములును ఉన్నవి ఉన్నట్లే ఉండెను.

గాదెలోనుండి పది బస్తాలు తీసినంత మాత్రమున గాదె చిన్నదగునా? డేటాబేసు ఫైలును అంతే. అది పుటలుగా విభజింపబడియుండును. 2016 నుండి ఎస్‌క్యూలైట్‌లో క్రొత్త ఫైలు పుట పరిమాణము, మనము మార్చనియెడల, 4,096 బైట్లు. మనము ఒక వరుసను తొలగించినప్పుడు, "ఈ చోటు ఖాళీ" అని గుర్తు మాత్రము పడును. సాధారణముగా అక్షరములు తుడవబడవు. మరియొక క్రొత్త వరుస వచ్చి దాని మీద కూర్చుండువరకు పాతది అక్కడనే ఉండును. పుట అంతయు ఖాళీయైతే దానిని ఖాళీ పుటల జాబితాలో చేర్చును గాని, ఫైలును కత్తిరింపదు.

ఇది నిర్లక్ష్యము కాదు. పెద్ద సంస్థలు వాడుకొను పోస్ట్‌గ్రెస్ అను డేటాబేసును మైకేల్ స్టోన్‌బ్రేకర్ బృందము బర్క్‌లీ విశ్వవిద్యాలయములో 1986లో ఆరంభించినప్పుడు, గడచిన కాలపు లెక్కను వెనుకకు వెళ్లి అడుగుటకు వీలుగా పాత వరుసలను కావలెననియే నిలిపియుంచిరి. ఆ సదుపాయము 1997లో తీసివేయబడెను. అయినను తొలగించిన వరుస వెంటనే పోదు. ఒకరు దానిని మార్చుచుండగా మరియొకరు పాతదానిని చదువుచుండవచ్చును గదా. ఆ మిగిలినవాటిని ఊడ్చు పనికి వ్యాక్యూమ్ అని పేరు. 2008 నుండి అది అడుగకయే నడచుచున్నది. ఈ దినదిన ఊడ్పు ఆ చోటును తిరిగి వాడుకొనుటకు సిద్ధపరచునే గాని, చాలమట్టుకు డిస్కునకు తిరిగి ఇయ్యదు. డిస్కునకు ఇప్పించవలెనంటే వ్యాక్యూమ్ ఫుల్ చేయవలెను. అది జరుగునంతసేపు ఆ పట్టికను ఎవరును చదువజాలరు.

మా చిన్న ఫైలులోనికి వత్తము. దాని పరిమాణము 212 మెగాబైట్లు. పెద్ద ఫోటోలను తీసివేసి చిన్నవి పెట్టి ఏడాది గడచినను అది తగ్గలేదు. ఖాళీ పుటలెన్నో లెక్క అడుగగా 36,000 అని చెప్పెను. అనగా దాదాపు 147 మెగాబైట్లు ఊరకే పడియున్నవి. ఎస్‌క్యూలైట్‌లో వ్యాక్యూమ్ అను ఆజ్ఞ ఇచ్చినయెడల, సజీవముగా ఉన్న వరుసలను మాత్రమే వేరొక తాత్కాలిక ఫైలులోనికి వరుసగా ఎత్తి వ్రాసి, తిరిగి మొదటిదాని స్థానములో పెట్టును. తొలగించిన అక్షరములు అందులోనికి రావు. అయితే ఇందులో ఒక చిక్కు కలదు. ఆ పని జరుగుటకు మొదటి ఫైలుకు రెండింతల వరకు ఖాళీ డిస్కు కావలెను. మా కంప్యూటరు కన్వెన్షను వీడియోలతో నిండి ఊపిరాడక యుండెను! చోటు సంపాదించుటకే చోటు కావలసివచ్చెను. వీడియోలను వేరొక డిస్కుకు మార్చి, ఫైలుకు ఒక నకలు తీసి, ఆ తరువాతనే ఆజ్ఞ ఇచ్చితిమి. కొన్ని క్షణములలో ఫైలు 61 మెగాబైట్లకు దిగెను.

ప్రతి వారము ఇట్లు చేయుమని మేము చెప్పము. ఖాళీ పుటలు రేపటి వరుసలకు పనికివచ్చును. నిండబోవు గాదెను కూల్చి చిన్నది కట్టుట వ్యర్థప్రయాస. చాల తొలగించి, మరల అంత నింపనప్పుడు చేయవచ్చును. ఫైలు ఇతరుల చేతికి పోవునప్పుడైతే తప్పక చేయవలెను. తొలగించినప్పుడే అక్షరముల మీద సున్నలు వ్రాయు సెక్యూర్ డిలీట్ అను ఏర్పాటు కూడ కలదు. మా యౌవనస్థుడు ఇప్పుడు దానిని పెట్టియున్నాడు. పని కొంచెము నెమ్మదించునట, నెమ్మదించనిండు.

పంపుటకు ముందు ఆ బిడ్డ పేరును మరల నోట్‌ప్యాడులో వెదకితిమి. కుటుంబముల పట్టికలో ఉండవలసిన ఒక్కచోటనే దొరికెను. ఆ తరువాత అమ్మగారు బీరువా తెరచి, ఏడాదికొకటి చొప్పున దాచిన పాత పెన్‌డ్రైవులు నాలుగు తెచ్చి బల్లమీద పెట్టిరి. వాటిలోను అదే ఫైలు ఉన్నది.