రామగుండంలో ఆవిరి కవ్వం

రామగుండంలో రైలు దిగగానే విద్యుత్కేంద్రపు పొగగొట్టాలే కంటబడతాయి. నేను చూడాలనుకున్నది ఎరువుల కర్మాగారం. ఒకనాటి కరీంనగరు జిల్లాలోని ఈ ఊరు 2016 నుంచి పెద్దపల్లి జిల్లాలో ఉంది. బొగ్గుతో నడిచిన పాత కర్మాగారం 1999లో మూతపడింది. సహజవాయువుతో నడిచే కొత్తది 2021లో ఉత్పత్తి మొదలుపెట్టింది.

యూరియాతోబాటు నీరూ పుడుతుందని మనలో ఎందరికి తెలుసు? టన్నుకు 300 కిలోలు! అందులో అమోనియా కలిసి ఉంటుంది. అలాగే గోదావరిలో వదిలితే చేపలకు చావే. కనుక యూరియా కర్మాగారాల్లో ఆ నీటిని ఎత్తయిన గొట్టంలో పైనుంచి జారవిడిచి, కిందినుంచి ఆవిరి పంపుతారు. మజ్జిగ చిలికి వెన్న తీసినట్లే. కవ్వం మాత్రం ఆవిరి! పైకి లేచిన అమోనియా తిరిగి యూరియా తయారీకే చేరుతుంది.

తిరుగుదారిలో ఒక ఎడ్లబండి మీద యూరియా బస్తాలు కనిపించాయి. వాటిలో ఏ గుళిక ఆ నీటి నుంచి వచ్చిందో!