కాంటూరు గీత ఎక్కడ ఉన్నది?

మన హాస్టల్లో ముంపు మండలాల నుంచి వచ్చిన వాళ్ళకి కాంటూరు అనే మాట సోషల్ పుస్తకం కంటే ముందే తెలుసు. మా వేలేరుపాడు వైపు చిన్న పిల్లవాడిని అడిగినా 41.15 అంటాడు. అది పోలవరం ప్రాజెక్టు మొదటి దశలో నీళ్ళు నిలబెట్టే ఎత్తు, సముద్రమట్టం నుంచి మీటర్లలో. పూర్తి ఎత్తు 45.72. ఈ లెక్కల బాధ మన ఏజెన్సీ వాళ్ళకే ఉన్నదనుకున్నాను. మొన్న సంక్రాంతి సెలవులకి గుండుగొలను వెళ్తే అక్కడ కూడా అందరి నోటా కాంటూరే.

మా చిన్నాన్న, పిన్ని అక్కడికి దగ్గరలో చేపల చెరువు మీద కాపలా ఉంటారు. పేరులోనే కొలను ఉన్న ఊరు. పెద్ద రోడ్డు, రైలు పట్టాలు, ఏలూరు కాలువ అన్నీ అటే పోతాయి. ఆ కాలువలో పారేది మన కొండల మధ్య నుంచి వచ్చిన గోదావరి నీళ్ళే అని చిన్నాన్న చెప్తే నాకు చుట్టాలు కనపడినట్టు అనిపించింది. అక్కడి నుంచి దక్షిణంగా ఆగడాలలంక వైపు పోతే ఇక చెరువులే చెరువులు, గట్లే గట్లు. తెల్లవారుజామున చిన్నాన్న పడవ మీద వెళ్ళి తవుడు సంచులు కడతాడు. సంచికి చిల్లులు ఉంటాయి. బొచ్చెలూ శీలావతులూ వచ్చి పొడుచుకు తింటాయి. (మన మెస్సులో చేపల కూర ఎప్పుడో గాని రాదు. ఇది వార్డెన్ సారు చదువుతారని మాత్రం రాయలేదు.)

"మన చెరువు అయిదో కాంటూరుకి లోపలా, బయటా చిన్నాన్నా?" అని అడిగాను.

"నాకేం తెలుసురా, అసామికి తెలియాలి. లోపలని తేలితే గట్టు కొట్టేస్తారంట. అప్పుడు మళ్ళీ మూట సర్దుకోవడమే" అన్నాడు. ఆ "మళ్ళీ" అన్న మాట నాకు బాగా గుర్తుండిపోయింది. ఊళ్ళో మొదటి మూట కట్టినప్పుడు నేను కూడా ఉన్నాను.

ఇంతకీ ఆ అయిదో కాంటూరు ఏమిటంటే, సముద్రమట్టం కన్నా 5 అడుగుల ఎత్తులో ఉన్న చోట్లన్నీ కలుపుతూ పోయే గీత. కొల్లేరు కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పళ్ళెం లాంటి పల్లం. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు అందులోకి వస్తాయి. బయటికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే, అది సముద్రంలో కలుస్తుంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో ఢిల్లీలో చేసినదే గాని, ఏ చోటు అభయారణ్యమో గీత గీసింది మన రాష్ట్ర ప్రభుత్వం. 4-10-1999న జి.వో. 120 ఇచ్చి ఆ అయిదో కాంటూరు లోపల ఉన్న సుమారు 308 చదరపు కిలోమీటర్లూ పక్షుల అభయారణ్యం అన్నది. వలలతో, మావులతో పాత పద్ధతిలో చేపలు పట్టుకోవచ్చు, చెరువులు తవ్వకూడదు. 2002లో రామ్‌సర్ జాబితాలో కూడా చేరింది. ఇరాన్ దేశంలో రామ్‌సర్ అనే ఊళ్ళో 1971లో చిత్తడి నేలల కోసం కొన్ని దేశాలు ఒప్పందం చేసుకున్నాయి, ఆ పేరు అది.

తమాషా ఏమిటంటే, 1976లో ఇదే ప్రభుత్వం బీద మత్స్యకారులకీ హరిజనులకీ సహకార సంఘాలు పెట్టించి కొల్లేరులో చెరువులు ఇప్పించింది. తర్వాత డబ్బున్నవాళ్ళు లీజులకి దిగారు. 2006లో సుప్రీంకోర్టు ఆజ్ఞ మీద మిషన్లతో గట్లు తెగ్గొట్టారు. చెరువు అసామికి పట్నంలో ఇల్లు ఉంటుంది, కాపలావాడికి గట్టు మీది పాకే ఇల్లు. 2008లో శాసనసభ గీతని +5 నుంచి +3కి దించాలని తీర్మానం చేసింది. దించితే అభయారణ్యం సగానికి పైగా పోయేది. కానీ సరిహద్దు మార్చడానికి జాతీయ వన్యప్రాణి బోర్డు సిఫారసు కావాలని చట్టంలో ఉన్నది. అందుకని ఆ తీర్మానంతో గీత కదల్లేదు. కాగితం మీద గీత కదలకపోయినా నేల మీద చెరువులు మాత్రం మళ్ళీ లేచాయి.

లంకల్లో మావులు కట్టే ఒక తాతని అడిగాను, గీత ఎక్కడుంది తాతా అని. ఆయన నవ్వాడు. "మా సిన్నప్పుడు వానాకాలం కొల్లేరు పెరిగేది, ఎండాకాలం తగ్గేది బాబూ. నీళ్ళే గీత గీసేయి. ఇప్పుడు ఆఫీసులో గీత్తన్నారు, ఒక్కడూ వచ్చి ఇదిగో ఇదీ అని సూపించడు" అన్నాడు.

నాకు ఇది సరైన మాట అనిపించింది. మన 1/70 చూడండి, ఏజెన్సీ ఊళ్ళకి జాబితా ఉన్నది, మన ఊరి పేరు ఉంటే ఉన్నట్టు. 2002లో మన రాష్ట్రం చేసిన వాల్టా చట్టం తీసుకోండి. తాగునీటి బావికి 250 మీటర్ల లోపల కొత్త బోరు వేయకూడదంటే తాడు పట్టుకుని మా అమ్మ కూడా కొలుస్తుంది. కాంటూరుని ఎవరు కొలుస్తారు? సర్వే యంత్రం ఉన్నవాడే కొలవాలి, అది ఉన్నవాడు చెప్పిందే నమ్మాలి.

అలాగని గీతని దించేయమనడం నాకు నచ్చదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగింది. ఆ నీళ్ళన్నీ తర్వాత కొల్లేరుకే వచ్చాయి, ఏలూరు కైకలూరు రోడ్డు మీద బస్సులు ఆగిపోయాయి. పళ్ళెం నిండా గట్లు ఉంటే నీళ్ళు ఎక్కడ కూర్చుంటాయి? మా వైపు 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు, కాగితంలో గీతకి బయట ఉన్న మా మేనత్త ఇంట్లోకి కూడా చూరు దాకా వచ్చింది. నీళ్ళకి కాగితం చదవడం రాదు. కానీ పరిహారం ఇచ్చేవాళ్ళు కాగితమే చదువుతారు. అత్త వాళ్ళ పేరు ఇంకా జాబితాలో రాలేదు.

చిన్నాన్న చెరువు సర్వే నంబరు నా నోటుబుక్కులో రాసుకొచ్చాను. అది అయిదో కాంటూరుకి లోపలో బయటో ఏ మ్యాపులో చూడాలి, ఏ ఆఫీసుకి అర్జీ పెట్టాలి అన్నది ఇంటర్ అన్నయ్యలకి గాని సార్లకి గాని తెలిస్తే దయచేసి చెప్పండి. వేసవి సెలవులకి ముందే తెలిస్తే మంచిది. చెరువు కాపలా ఒప్పందం మే నెల దాకానే ఉన్నది.

— 9వ తరగతి, బి సెక్షన్