వలిసె పూల మీద ఏటవాలు ఎండ

కార్తీకం ముగిసే వేళకు అరకు లోయలో వలిసె చేలు పసుపు పచ్చగా విచ్చుకుని ఉంటాయి. కెమెరాలు భుజాన వేసుకుని జనం బయల్దేరతారు. చాలామంది చేను చేరేసరికి మాత్రం పదకొండవుతుంది.

అయినా మరీ అంత నష్టం లేదు. జూన్‌లో అక్కడ మధ్యాహ్నపు సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు. నవంబరు చివర 50 డిగ్రీల ఎత్తు దగ్గరే ఆగిపోతాడు. ఆ ఏటవాలు ఎండలో నీడలు సాగుతాయి, దున్నిన చాళ్లు కూడా తేలి కనిపిస్తాయి. నాలుగు దాటాక సూర్యుడికి ఎదురుగా నిలబడి తీస్తే రేకుల గుండా వెలుగు దూరి పువ్వు దీపంలా వెలుగుతుంది. లెన్సుకు అరచేయి అడ్డం పెడితే చాలు, ఖరీదైన హుడ్ ఎందుకు? అయితే తొందరపడాలి, అయిదున్నర కాకముందే పొద్దు కొండ దాటేస్తుంది.

పొద్దుటి మంచు సంగతి వేరు. ఆ తెలుపును చూసి కెమెరా మోసపోయి బూడిదరంగు చేసేస్తుంది. ఎక్స్‌పోజర్‌ను ఒక స్టాప్ దాకా పెంచుకోవాలి. సాయంత్రం ఆటో వైట్ బ్యాలెన్స్‌ను నమ్మితే బంగారు రంగు వెలిసిపోతుంది, 'డేలైట్' మేలు.

ఒక్క మాట. అవి పూలతోటలు కావు, నూనెగింజల పంట. గట్టు మీంచే తీయండి. లోపలికి దిగాలంటే రైతును అడిగి, ఆయన చెప్పిన రుసుము బేరమాడకుండా ఇవ్వండి.