మంద్రతంత్రి

జాజ్ ఫ్యూజన్ అనబడు సంగీతమున మిక్కిలి కష్టమైన పని యేది యని యడిగినచో, బేస్ గిటారుపై నొక నడకను పట్టి, దానిని చెదరనీయక కడదాక నిలుపుటయే యని మేము చెప్పుదుము. ఆంగ్లమున దీనిని గ్రూవ్ అందురు. తెలుగున నడక యన్న మాట చక్కగ సరిపోవును. వ్రేళ్లను మెఱుపులవలె పరుగెత్తించువాని పనికంటె, నాలుగు స్వరములనే మరల మరల మ్రోయించువాని పని కష్టమా యని చదువరులు సందేహింపవచ్చును.

శ్రుతి తల్లి, లయ తండ్రి యని మన పెద్దల మాట. చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో కచేరీ విన్నవారికి ఈ రెండు భారములును వేర్వేఱు చేతులలో నుండుట తెలియును. తంబుర శ్రుతిని మోయును. మృదంగము లయను మోయును. ఫ్యూజన్ మేళమున నట్లు గాదు. బేస్ గిటారునకు సాధారణముగ నాలుగు తీగెలు. వానిలో లావైనదానిని మీటినచో సెకనునకు సుమారు 41 కంపనములు. ఆ మంద్రస్వరమే తక్కిన వాద్యములకు ఆధారము. అది పలుకు క్షణమే డ్రమ్ములతో గలిసి తాళమునకు అడుగు. తల్లియు తండ్రియు నొక్కరే యైన సంసారము వంటిది.

ఇందలి కష్టము వేగమున లేదు, విలంబమున నున్నది. నిమిషమునకు 60 దెబ్బల నడకలో ఒక్కొక్క దెబ్బను నాలుగు చేసిన, భాగమొక్కటికి సెకనులో నాలుగవ వంతు. ఆ యెడములో మనస్సు తొందరపడును. పైవాద్యము విజృంభించినకొలది చేయి తానును పరుగెత్త జూచును. స్వరమును ఎప్పుడు మీటవలెనో యెంత ముఖ్యమో, ఎప్పుడు ఆపవలెనో యంత ముఖ్యము. కాబట్టి సాధకులు లయయంత్రమైన మెట్రోనోము దెబ్బలను క్రమముగ తగ్గించుకొందురు: మొదట అడుగున కొకటి, పిదప రెండడుగుల కొకటి, ఆపై ఆవర్తమున కొకటి. యంత్రము మౌనము వహించినంత సేపు కాలమును మోయువాడు వాదకుడే.

జాన్ మెక్‌లాఫ్లిన్ 1971లో స్థాపించిన మహావిష్ణు ఆర్కెస్ట్రా ఇందులకు మంచి నిదర్శనము. గిటారు, వయొలిన్, కీబోర్డు, డ్రమ్ములు ఒకదానితో నొకటి పోటీపడుచు, ఏడు, తొమ్మిది వంటి బేసి లెక్కలలో చెలరేగుచుండగా, ఐర్లండు దేశస్థుడైన రిక్ లెయిర్డ్ బేస్ గిటారుపై క్రింద నిలిచి యుండెను. 2021లో ఆయన మరణించెను. మెక్‌లాఫ్లిన్ తరువాత నడిపిన శక్తి మేళమున బేస్ గిటారు లేదు; తబలా, ఘటము, మృదంగము ఆ బరువును పంచుకొనెను. 1969లో పాలకొల్లున జన్మించిన మాండలిన్ శ్రీనివాస్ రిమెంబర్ శక్తి మేళమున వాయించినప్పుడును క్రింద జాకిర్ హుస్సేన్, సెల్వగణేశ్ ఉండిరి. మన శ్రీనివాసుని పేరు మన కందఱకు తెలియును. క్రింద నిలిచినవారిని విడిగా విన్నవా రెందఱు?

దోమలగూడలో మా వీథియందొక బాలిక యీ వాద్యమును నేర్చుచున్నది. మేడపైనుండి ప్రతి సాయంకాలము ఒకే నడక గంటసేపు వినవచ్చును. మొన్న నామె తండ్రి మా యింటికి వచ్చి, “మాస్టారూ, చుట్టములు వచ్చి యొక పాట వాయించు మన్నచో, ఇందులో పాట యేదండీ? మాన్పించి వీణ నేర్పింతు నని యున్నది” అనిరి.

“మీ యింట తెల్లవారుజామున లేచి పాలు కాచువారిని చుట్టములు ఎన్నడైన మెచ్చుకొనిరా?” అని మేమడిగితిమి. “అది వేఱండీ” అని వారనిరి.

వేఱే, నిజము. ఇంటి భారమును స్త్రీ కోరి మోయుట లేదు, మనము మోపినాము. ఈ బాలిక తన భారమును తానే కోరుకొన్నది. మోపినదానిని ధర్మ మని పొగడుచు, కోరినదానిని చుట్టములకు చూపుటకు పనికిరా దని మాన్పించుట యేమి న్యాయము? బడిలోను మనము ర్యాంకును మెత్తుము గాని, ప్రతిదినము తన పని తాను చేయు పిల్లవానిని మెచ్చము. చూపదగినదే విద్య యన్న యీ భ్రమ మన యిండ్లను విడువవలెను.

వాదము పెంచక, గడియారపు ముల్లు ననుసరించి బల్లపై సెకనున కొక దెబ్బ వేయు డని వారిని కోరితిమి. పది దెబ్బలైన పిదప గడియారమును మాటుపఱచి, మఱియొక నిమిషము లెక్కించితిమి. 72 దెబ్బలు పడెను. వారు నవ్వి, “ఈ పిల్ల గంటసేపు చేయుచున్న దిదియా?” అనిరి.

ఈ నెల ఫీజు కట్టిరి. వచ్చు నెల మాట యింకను తేలలేదు. నడక మాత్రము నిన్న సాయంకాలమును వినవచ్చినది.